గోడ దూకినవాళ్ళు, గోడ కట్టినవాళ్ళు



పోయిన నెల క్లాసులో ప్రక్షిప్తాల గురించి చెబుతున్నాను. ఒకరు రాసిన కావ్యంలోకి తర్వాతివాళ్ళు తమ పద్యాలు చేర్చడం, కొన్నాళ్ళకు ఏది ఎవరిదో తేలకపోవడం. వెనక బెంచీలోంచి రెండో సంవత్సరం విద్యార్థి చెయ్యెత్తి "సార్, అంటే మోడ్ లాగానా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై నిమిషాలుగా నేను తంటాలు పడుతున్న విషయాన్ని అతను ఒక్క మాటలో చెప్పేశాడు.

ఈ వారం వ్యాసం అక్కడ పుట్టింది. కంప్యూటర్ ఆటల చరిత్ర అనగానే కంపెనీల పేర్లు, అమ్మకాల లెక్కలు చెబుతారు. నేను చెప్పబోయేది ఇంకో రెండు రకాల మనుషుల గురించి. కాళ్ళ కింద రాకెట్ పేల్చుకుని గోడ దూకినవాళ్ళు ఒకరు. ఎవరూ అడక్కుండానే ఆ ఆటల్లో తమ గోడలు తాము కట్టినవాళ్ళు ఇంకొకరు. సరదా విషయమే, ఒప్పుకుంటాను. కానీ ఒకరు చేసిన పని ఇంకొకరి సొత్తు ఎలా అయిందన్న ప్రశ్న ఇందులో ఉంది. ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు కదా.

ఈ ఆటలు ఎరగనివాళ్ళకు ఒక్క మాట. ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే తెర మీద మనకు మన పాత్ర కనిపించదు, ఆ పాత్ర కళ్ళతో లోకం కనిపిస్తుంది. ఎదురుగా ఓ తుపాకి, ముందు ఓ వసారా, మలుపులో శత్రువు. ఆ వసారాలు, మెట్లు, గదులు, గోడలు అన్నీ కలిపి ఒక మ్యాప్. ఎక్కడ తలుపు ఉండాలో, తాళంచెవి ఎక్కడ దొరకాలో, ఎటునుంచి ఎటు వెళ్ళాలో మ్యాప్ గీసినవాడు ముందే నిర్ణయిస్తాడు.

ముందు దూకినవాళ్ళ సంగతి.

1993 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ నుంచి ఐడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ డూమ్ అనే ఆట విడుదల చేసింది. అందులో ఆటగాడు ఎగరలేడు. తలెత్తి పైకి చూడలేడు, కిందికీ చూడలేడు. అయినా మౌంట్ ఎరిబస్ అనే మ్యాప్‌లో రహస్య ద్వారానికి చేరే ఉపాయం ఒకటి ఉంది. దగ్గరి గోడకేసి రాకెట్ కొట్టుకుంటే ఆ పేలుడు ఆటగాణ్ణి ఎదురు దిక్కుకి విసిరేస్తుంది, మామూలుగా దాటలేని ఖాళీని దాటిస్తుంది. అది అడ్డంగా దూకడం. మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చిన మారథాన్, రైజ్ ఆఫ్ ది ట్రయాడ్ ఆటల్లో నిలువుగా ఎగరడమూ వీలైంది. కానీ రాకెట్ జంప్ అనే మాట లోకమంతా పాకింది 1996 జూన్‌లో అదే ఐడీ కంపెనీ తెచ్చిన క్వేక్‌తోనే.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే లెక్క అందంగా ఉంటుంది. క్వేక్ నియమాలు రాసిన కోడును కంపెనీ బయటపెట్టింది, ఎవరైనా చదవొచ్చు. అందులో ఒక వరుస చెప్పేది ఇది: ఆటగాడికి ఎంత దెబ్బ తగిలిందో ఆ అంకెను 8తో గుణించు, అంత వేగంతో అతణ్ణి నెట్టు. తన రాకెట్ తనకే తగిలితే దెబ్బ సగానికి తగ్గుతుందని ఇంకో వరుస. మామూలుగా ఎగిరితే పైకి వెళ్ళే వేగం 270. గురుత్వాకర్షణ 800. లెక్క కడితే ఎత్తు సుమారు 45 యూనిట్లు. ఆటగాడి నిలువెత్తే 56. అంటే మామూలు గంతు తన ఎత్తు కూడా దాటదు. ఇప్పుడు కిందికి చూస్తూ, ఎగిరే మీటా పేల్చే మీటా దాదాపు ఒకేసారి నొక్కాడనుకోండి. 50 దెబ్బ తగిలిందనుకుంటే 400 వేగం అదనంగా వచ్చి చేరుతుంది. మొత్తం 670. ఎత్తు సుమారు 280. ఐదు నిలువుల ఎత్తు! వందలో సగం ప్రాణం పోతుంది, కానీ ఎవరూ చేరలేరనుకున్న అంచు మీద నిలబడతాడు.

ఇంకో తమాషా ఉంది. ఒంటి మీద కవచం ఉంటే ప్రాణం తక్కువ పోతుంది, నెట్టే వేగం మాత్రం తగ్గదు. ఎందుకంటే కోడు ఆ వేగాన్ని కవచం ఆపిన దెబ్బను తీసేయకముందున్న అంకెతోనే లెక్కిస్తుంది. కవచం ఉన్నవాడికి ఎగరడం చౌక. ఈ వాక్యం రాసి, దాని కింద ఇంకో వాక్యం రాసి కొట్టేశాను. మీకు తెలుసులెండి.

మ్యాప్ గీసినవాడు నేల మీద నడిచే మనిషిని ఊహించుకుని గోడ ఎత్తు పెట్టాడు. ఆ ఎత్తు ఒక్కసారిగా అర్థం లేనిదైపోయింది. బంగారు తాళంచెవి తెచ్చి తలుపు తీయాల్సిన చోట, ఆ తలుపు జోలికే పోకుండా పక్క కిటికీలోంచి దూరేవాళ్ళు వచ్చారు. 1997 జూన్‌లో కొందరు ఆటగాళ్ళు కలిసి క్వేక్ మొత్తాన్ని, అన్నిటికంటే కష్టమైన స్థాయిలో, 19 నిమిషాల 49 సెకన్లలో ముగించి ఆ రికార్డింగును లోకానికి పంచారు. క్వేక్ డన్ క్విక్ అని పేరు పెట్టారు. ఒకడే ఏకబిగిన ఆడింది కాదు. ఒక్కో మ్యాప్‌ను అందులో ఆరితేరినవాడు ఆడితే ముక్కలు అతికించారు. అదే ఏడాది దాన్ని 16 నిమిషాల 35 సెకన్లకు, 2000లో 12 నిమిషాల 23 సెకన్లకు దించారు.

రికార్డింగు అన్నాను కదా, అది వీడియో కాదు. డెమో అనే చిన్న ఫైలు. ఆటగాడు ఏ క్షణంలో ఎక్కడున్నాడో, ఎటు చూశాడో, ఏం జరిగిందో మాత్రమే అందులో ఉంటుంది. చూసేవాడి కంప్యూటర్లో ఉన్న ఆట దాన్ని చదివి మళ్ళీ ఆడి చూపిస్తుంది. ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ నత్తలా నడిచే రోజుల్లో ఈ చిన్న ఫైళ్ళే చేతులు మారాయి. సాహిత్య చరిత్ర చదివినవాడిగా నాకు ఈ సంగతి మీద మోజు ఎక్కువ. కంపెనీ తన చరిత్ర తాను రాసుకుంటుంది. ఆటగాళ్ళు తాము ఎక్కడ ఏ గోడ ఎలా దూకారో అడుగడుగూ నమోదు చేసి దాచుకున్నారు. ఎవరి జీతమూ తీసుకోకుండా.

16 నిమిషాల నుంచి 12కి రావడానికి రాకెట్ ఒక్కటే చాలలేదు. దాని వెనక ఇంకో పొరపాటు ఉంది. క్వేక్‌లో పరుగు వేగానికి 320 అని హద్దు పెట్టారు. గాలిలో ఉన్నప్పుడు మాత్రం ఆ హద్దు తనిఖీ చేసే పద్ధతి వేరు. "నువ్వు ఎంత వేగంతో పోతున్నావు?" అని అడగదు. "నువ్వు మీట నొక్కుతున్న దిక్కులో ఎంత వేగంతో పోతున్నావు?" అని మాత్రమే అడుగుతుంది. పోయే దిక్కు ఒకటి, నొక్కే దిక్కు దానికి అడ్డంగా ఇంకొకటి అయితే, ఆ అడ్డదిక్కులో వేగం దాదాపు సున్నా. అయితే ఇంకొంచెం తీసుకో అంటుంది కంప్యూటర్. నేలను తాకగానే మళ్ళీ ఎగిరితే రాపిడి కూడా తగలదు. అలా ఒంపులు తిరుగుతూ గంతులేస్తూ పోతే వేగం పెరుగుతూనే ఉంటుంది. దీన్ని కుందేలు గంతు, బన్నీ హాప్ అన్నారు.

ఈ ఆటల ఇంజిన్ రాసిన జాన్ కార్మాక్‌కు ఇది లోపమనే అనిపించింది. 1999లో క్వేక్ 3 తయారవుతున్నప్పుడు దాన్ని సరిచేయాలని చూశాడు. సరిచేస్తే మామూలు నడకే మొద్దుబారినట్టు తోచింది. వదిలేశాడు. తప్పూ ఒప్పూ ఒకే సూత్రంలో ముడిపడి ఉన్నాయి మరి. ఆ తర్వాత క్వేక్ 3 మీద డిఫ్రాగ్ అనే మోడ్ వచ్చింది. అందులో చంపడం, చావడం లేవు. దూకడం, గడియారం, అంతే.

ఇక కట్టినవాళ్ళ సంగతి. దీనికి కొన్నేళ్ళు వెనక్కి, 1992కి వెళ్ళాలి.

ఆ ఏడాది వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డి ఆట ఫైళ్ళను ఆటగాళ్ళు తవ్వి తీసి, బొమ్మలు మార్చి, గోడలు మార్చి పంచుకున్నారు. ఇంకో కంపెనీ అయితే లాయర్‌ను పిలిచేది. కార్మాక్‌కు ముచ్చటేసింది. అందుకే డూమ్‌లో ఆట నడిపే ఇంజిన్‌ను, మ్యాపులు, బొమ్మలు, చప్పుళ్ళు ఉండే ఫైలును విడివిడిగా పెట్టాడు. ఆ ఫైలు పేరు వాడ్. "సరుకంతా ఎక్కడుంది?" అనే ఇంగ్లీషు మాటకు పొడి అక్షరాలు. అసలు ఆటను చెడగొట్టకుండా, మన సొంత వాడ్‌ను దాని మీద పరిచి ఆడుకోవచ్చు. కంపెనీలోనే కొందరికి ఇది నచ్చలేదు. సరుకు గది తాళం జనం చేతికిస్తే మన సరుకు ఎవరు కొంటారన్నది వాళ్ళ దిగులు.

తలుపు తీసి పెట్టారు సరే, లోపల పనిముట్లు పెట్టలేదు. ఐడీ వాళ్ళు మ్యాపులు గీసుకున్నది నెక్స్ట్ అనే ఖరీదైన కంప్యూటర్ల మీద. మామూలు ఇళ్ళలో అవి లేవు. బయటివాళ్ళే ఫైలును అక్షరం అక్షరం విప్పి, ఏ అంకె దేనికో కనిపెట్టారు. 1994 మొదట్లోనే న్యూజిలాండ్‌కు చెందిన బ్రెండన్ వైబర్, మరికొందరు కలిసి డీఈయూ అనే ఎడిటర్ తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. ఆట వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. లిపి తెలియని శాసనాన్ని చదివినంత పని అది.

ఇక మ్యాపులు వరదలా వచ్చాయి. ఇక్కడే కథలో మెలిక.

టీమ్ టీఎన్‌టీ అనే ఔత్సాహికుల బృందం 32 మ్యాపుల వాడ్ ఒకటి కట్టింది. ఉచితంగా ఇస్తామని చెప్పుకుంటూ వచ్చారు. 1995 చివర్లో, విడుదల చేయబోయే సమయానికి, ఐడీ దాన్ని కొనేసింది. 1996లో ఫైనల్ డూమ్ అనే పేరుతో డబ్బాలో పెట్టి అమ్మింది. కట్టినవాళ్ళకు డబ్బు దక్కింది, అది మంచిదే. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఎదురుచూసిన ఆటగాళ్ళకు మాత్రం ఒళ్ళు మండింది. ఉచితంగా వస్తుందనుకున్నదానికి ధర చీటీ పడింది. ఇందులో ఎవరి వైపు నిలబడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఇంకో కేసులో ఆ ఇబ్బంది లేదు. 1996లో డ్యూక్ నూకెమ్ 3డి అనే ఆటతోపాటు కంపెనీయే మ్యాప్ ఎడిటర్ ఇచ్చింది. కట్టుకోండి, పంచుకోండి, అమ్మొద్దు అని షరతు. జనం కట్టి ఇంటర్నెట్లో పెట్టారు. మైక్రో స్టార్ అనే వ్యాపార సంస్థ అలాంటివి 300 మ్యాపులు దించుకుని, సీడీలో వేసి అమ్మకానికి పెట్టింది. ఆట హక్కులున్న ఫామ్‌జెన్ కంపెనీతో కోర్టులో తగువు. మైక్రో స్టార్ వాదన తెలివైనదే: మ్యాప్ ఫైలులో ఒక్క బొమ్మ కూడా లేదు, ఏ గోడకు ఏ బొమ్మ వేయాలో సూచనలే ఉన్నాయి, బొమ్మలు కొన్నవాడి దగ్గరున్న ఆటలోంచే వస్తాయి, కాబట్టి మేం ఎత్తుకున్నదేమీ లేదు. 1998లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఈ మ్యాపులన్నీ డ్యూక్ కథకు కొనసాగింపులే, కొనసాగింపు రాయించే హక్కు యజమానిదే అంది.

తీర్పు సంగతి వదిలేయండి. ఆ గదిలో ఎవరున్నారో చూడండి. అమ్మినవాడు, యజమాని. రాత్రులు మేలుకుని 300 మ్యాపులు కట్టినవాళ్ళు ఆ కేసులో కక్షిదారులే కాదు. వాళ్ళ పని మీద హక్కు ఎవరిదని ఇద్దరు పెద్దమనుషులు వాదించుకున్నారు.

మన దగ్గర వేమన మకుటం పెట్టి ఎవరెవరో ఆటవెలదులు కట్టారు. ఏవి ఆయనవో, ఏవి కావో తేల్చలేక పండితులు తలలు పట్టుకున్నారు. ఆ పద్యాలు కట్టిన అనామకులకు పేరూ రాలేదు, పైసా రాలేదు. కనీసం ఎవరూ వాటి మీద కోర్టుకెక్కలేదు!

కట్టడమంటే ఏమిటో కూడా చెప్పాలి. క్వేక్ కోసం 1996లో వరల్డ్‌క్రాఫ్ట్ అనే ఎడిటర్ వచ్చింది. తర్వాత హాఫ్ లైఫ్ తీసిన వాల్వ్ కంపెనీ దాన్ని కొనుక్కుంది, పేరు హ్యామర్ అయింది. పేరుకు తగ్గట్టే తాపీపని. దిమ్మె మీద దిమ్మె పేర్చి గది కట్టాలి. కట్టాక దాన్ని ఆటకు అర్థమయ్యే రూపంలోకి కంప్యూటర్ మార్చాలి. ఎక్కడ నిలబడితే ఏ గది కనిపిస్తుందో, ఏ దీపం వెలుగు ఏ గోడ మీద పడుతుందో ముందే లెక్కగట్టి పెట్టుకుంటుంది. ఆనాటి యంత్రాల మీద పెద్ద మ్యాపుకి గంటలు పట్టేది, రాత్రంతా వదిలేసి పడుకునేవాళ్ళు. ఇంకో నియమం ఉంది. మ్యాపు చుట్టూ ఎక్కడా సందు ఉండకూడదు. వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా లోపలి లోకం బయటి శూన్యంలోకి కారిపోయిందని లెక్క, యంత్రం మొరాయిస్తుంది. దీన్ని లీక్ అంటారు.

ఇలా దిమ్మెలు పేర్చినవాళ్ళలో ఇంగ్లండ్‌కు చెందిన డేవ్ జాన్‌స్టన్ ఒకడు, అప్పటికి టీనేజ్ కుర్రాడు. కెనడాలో చదువుకుంటున్న వియత్నాం సంతతి యువకుడు మిన్ లే, అమెరికా కుర్రాడు జెస్ క్లిఫ్ కలిసి 1999లో హాఫ్ లైఫ్ మీద కౌంటర్ స్ట్రైక్ అనే మోడ్ తెచ్చారు. దానికి జాన్‌స్టన్ డస్ట్ అనే మ్యాప్ కట్టాడు. అప్పటికింకా రాని టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆట బొమ్మలు చూసి ఆ ఇసుకరంగు కమానులు అనుకరించానని తర్వాత తనే రాశాడు. 2000లో వాల్వ్ కౌంటర్ స్ట్రైక్‌ను సొంతం చేసుకుంది. 2001లో డస్ట్2 వచ్చింది.

డస్ట్2 అనగానే మీలో చాలామందికి ఒళ్ళు ఝల్లుమని ఉంటుంది. నాకూ అంతే. 2000ల మధ్యలో నేను డిగ్రీ చదివిన పట్నంలో బస్టాండు ఎదురుగా ఒక నెట్ సెంటర్. గంటకు 15 రూపాయలు. పది కంప్యూటర్లు కలిపి కట్టారు. హాస్టల్ నుంచి నలుగురం డబ్బులు పోగేసుకుని వెళ్ళి అరగంట అరగంట పంచుకునేవాళ్ళం. అక్కడున్న కౌంటర్ స్ట్రైక్ కొన్నది కాదని చెప్పనక్కరలేదు. లాంగ్ ఏ, టన్నెల్స్, మిడ్‌లో ఆ జంట తలుపులు, ఇప్పటికీ కళ్ళు మూసుకుని నడవగలను. మా హాస్టల్ మేడ మెట్లు అంత బాగా గుర్తులేవు.

ఆ మ్యాప్‌ను ఒక మనిషి కట్టాడని, మనమూ కట్టొచ్చని మాకు తట్టలేదు. తట్టినా కట్టగలిగేవాళ్ళం కాదు. గంటకు పదిహేను రూపాయల చొప్పున ఆడొచ్చు గానీ, దిమ్మెలు పేర్చి రాత్రంతా యంత్రాన్ని నడవనివ్వడం ఎలా? పైగా ఆ సెంటర్లో కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే మనం దాచిందంతా చెరిగిపోయేలా పెట్టారు. వైరస్ భయం. ఈరోజు పెట్టిన గోడ రేపు ఉండదు. జాన్‌స్టన్ ప్రతిభను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. పనిముట్లు ఉచితం, ఎవరైనా కట్టొచ్చు అని ఈ చరిత్రలు రాసేవాళ్ళు ఉత్సాహంగా అంటారు. ఎడిటర్ ఉచితమే. రాత్రంతా ఆన్‌లో ఉండే సొంత కంప్యూటర్ ఎవరింట్లో ఉంది, ఆ కరెంటు బిల్లు ఎవరు కట్టారు అన్నది ఆ లెక్కలో రాదు. హైదరాబాదు, విజయవాడ, తిరుపతి సెంటర్లలో ఆ ఆట ఆడినవాళ్ళు కోకొల్లలు. ఆడినవాళ్ళ చరిత్రలో మనం ఉన్నాం. కట్టినవాళ్ళ చరిత్రలో వెతకాలి.

దూకేవాళ్ళూ కట్టేవాళ్ళూ కలిసిన చోటు ఇంకొకటి ఉంది. 1996లో రాబిన్ వాకర్, జాన్ కుక్, ఇయాన్ కాహీ అనే ముగ్గురు ఆస్ట్రేలియా యువకులు క్వేక్ మీద టీమ్ ఫోర్ట్రెస్ అనే మోడ్ చేశారు. వాళ్ళలో వాకర్‌ను, కుక్‌ను వాల్వ్ పనిలోకి తీసుకుంది. ఇందాక చెప్పిన టీమ్ ఫోర్ట్రెస్ 2 చివరకు 2007 అక్టోబరులో వచ్చింది. అందులో సోల్జర్ అనే పాత్ర చేతిలో రాకెట్ లాంచర్. రాకెట్ జంప్ ఇప్పుడు దొంగదారి కాదు, ఆ పాత్రకు పెట్టిన విద్య. దొంగదారికి బోర్డు పెట్టాక దొంగలేం చేస్తారు? ఇంకా కష్టమైన దారి వెతుక్కుంటారు.

అలా పుట్టినవే జంప్ మ్యాపులు. శత్రువు లేడు. ఎత్తైన గోడలు, మధ్యలో అగాధాలు, దూరంగా బెత్తెడు గట్టు. పడితే మొదటికి. ఒక రాకెట్ మీద నేలను తాకకుండా ఇంకో రాకెట్ పేల్చి నిలువుగా ఎక్కుతూ పోవడం పోగో. రెండు రాకెట్లు ఒకే క్షణంలో కాళ్ళ కింద పేలేలా చూసుకోవడం సింక్. నేల తాకే క్షణంలో పేల్చి అడ్డంగా దూసుకుపోవడం స్పీడ్ షాట్. కొత్తవాళ్ళకు ఓనమాలు దిద్దించడానికి జంప్ అకాడమీ అని మ్యాపే ఉంది. వీటిని కట్టేవాళ్ళు ఎంత దెబ్బకు ఎంత ఎత్తు వస్తుందో తెలిసిన ఆటగాళ్ళే. ఒకప్పుడు గోడ ఎత్తు నడిచేవాడిని బట్టి పెట్టారు, ఇక్కడ ఎగిరేవాడిని బట్టి పెట్టారు. 2010లో వాల్వ్ రాకెట్ జంపర్ అనే లాంచర్ ఇచ్చింది. దానితో పేల్చుకుంటే దెబ్బ తగలదు, శత్రువుకూ తగలదు. సాధనకు బాగుంటుంది. అదే ఏడాది మ్యాప్ స్టాంపులని పెట్టింది, వాటి మీద వచ్చేది ఆ మ్యాప్ కట్టినవాళ్ళకే అని. డ్యూక్ కేసు నుంచి ఇక్కడికి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

డూమ్‌కి ముప్పై ఏళ్ళు దాటినా మ్యాపులు కడుతూనే ఉన్నారు. డూమ్ చేసినవాళ్ళలో ఒకడైన జాన్ రొమేరో కూడా 2019లో సిజిల్ అనే తొమ్మిది మ్యాపుల వాడ్ తెచ్చాడు, ఒకప్పుడు బయటివాళ్ళు తెచ్చినట్టే.

మోడ్ అన్న ఆ విద్యార్థి సంగతి చెప్పి ఆపేస్తాను. తర్వాతి వారం స్టాఫ్ రూముకి వచ్చాడు. చేతిలో పాత లాప్‌టాప్, మూత ఒక పక్క విరిగింది. ట్రెంచ్‌బ్రూమ్ అనే ఉచిత ఎడిటర్ వేసుకుని క్వేక్ కోసం మ్యాప్ కడుతున్నాడట. చూస్తే వాళ్ళ వాడ. రెండు వీధులు, చర్చి ముందు అరుగు, చివర నీళ్ళ ట్యాంకు. ట్యాంకు మీదికి మెట్లు లేవు. "మా దగ్గర నిజంగానే లేవు సార్, పైపు పట్టుకుని ఎక్కుతాం" అన్నాడు. ఆటలో ఎలా ఎక్కాలంటే, అరుగు పక్కన రాకెట్ లాంచర్ పెట్టాడు. ట్యాంకు ఎత్తు 256 యూనిట్లు. పైన చెప్పిన లెక్క అప్పుడే ఇద్దరం కాగితం మీద వేసింది.

కానీ మ్యాప్ తయారు కావడం లేదు. లీక్. మూడు రోజులుగా సందు దొరకడం లేదట. లోపలి నుంచి శూన్యంలోకి దారి ఎటు పోతోందో ఎడిటర్ ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీత పట్టుకుని ఇద్దరం వీధి వెంట వెళ్ళాం. చర్చి దాటి, మలుపు తిరిగి, ట్యాంకు వెనక్కి పోయింది. నేలకూ గోడకూ మధ్య ఒక్క యూనిట్ ఖాళీ. గోడను కిందికి లాగాడు. గంట మోగింది, నాకు క్లాసుంది. "అయ్యాక చెప్తా సార్" అని అక్కడే కూర్చున్నాడు.